దుప్పటి కప్పిన బల్లలు

మెర్ల్ హోస్టెటర్ ఆ శనివారం తెల్లవారుతుండగా ఏడు పాత దుప్పట్లు, ఒక మోపెడు ఖాళీ అట్టపెట్టెలు కారు వెనక పడేసుకుని బయలుదేరాడు. భార్య అర్లీన్ టికెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. దారి పొడుగునా ఇద్దరూ నోరు విప్పలేదు. యాభై ఏళ్ళు కాపురం చేసినవాళ్ళకు మాట్లాడుకోకపోవడం కొత్తేమీ కాదు గానీ, ఆ రోజు మౌనం వేరు. దుప్పట్లు ఆవిడ కంటబడ్డాయి. ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పేస్తాడేమోనని భయపడింది.

హైన్స్‌బర్గ్ ఊరి మైదానంలో ఉన్న పెద్ద హాల్లో ఏటా అక్టోబరు మూడో శనివారం బొమ్మ రైళ్ళ సంత జరుగుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా దాన్ని నడుపుతున్నది మెర్లే. నడపడమంటే మరేం లేదు, మనుషుల వెంటపడి రప్పించడం. పాత ఇంజన్లు, బోగీలు, సిగ్నళ్ళు, అవి అమ్ముడైననాటి అసలు పెట్టెలతో సహా ఇంటి కింద గదుల్లో దాచుకున్న ముసలాళ్ళు ఆ ఒక్కరోజు వాటిని తెచ్చి బల్లల మీద పరుస్తారు. కొన్ని అమ్ముకుంటారు, కొన్ని మార్చుకుంటారు, ఎక్కువగా కోతలు కోసుకుంటారు. ఒకప్పుడు నూట అరవై మంది బల్లలు వేసేవారు. కొత్తవాడికి బల్ల కావాలంటే నాలుగేళ్ళు ఆగాల్సి వచ్చేది. ఎవడో ఒకడు పోతే తప్ప ఖాళీ రాదురా అని నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు పోతున్నారు, ఖాళీలు వస్తున్నాయి, వాటిలో కూర్చునే నాథుడే లేడు.

జూలైలో మైదానం మేనేజరు జోలీన్ ఆఫీసుకు పిలిపించింది. ఆవిడ చెడ్డది కాదు పాపం. చెప్పలేక చెప్పింది.

"మెర్ల్ గారూ, నా చేతుల్లో ఏం లేదు. కమిటీవాళ్ళు తేల్చేశారు. నలభై మంది బల్లలు వేస్తే సరే. ఒక్కరు తగ్గినా వచ్చే ఏడు నుంచి ఆ శనివారం పెళ్ళి సామాన్ల ప్రదర్శనవాళ్ళకి ఇచ్చేస్తారు. నేనే వచ్చి లెక్కపెట్టి సంతకం పెట్టాలట."

"ఇంకో శనివారం ఏదైనా చూడమ్మా."

"ఉంటే మీకు చెప్పనా చెప్పండి?"

మెర్ల్ ఇంటికొచ్చి పేర్ల జాబితా ముందేసుకున్నాడు. అతని వయసు డెబ్బై ఆరు. సొంత రైళ్ళు ఎప్పుడో అమ్మేసుకున్నాడు. మిగిలింది ఈ సంతే. ఏడాదిలో ఆ ఒక్కరోజు నూరుమంది తనని పేరు పెట్టి పిలుస్తారు, బల్ల ఊగుతోందని తిడతారు, కరెంటు తీగ అందడం లేదని అరుస్తారు. అది కాస్తా పోతే వంటింటి కిటికీ, మందుల డబ్బా తప్ప ఇంకేం ఉండదని అతనికి తెలుసు. తనకే కాదు, వాళ్ళకూ అంతే. ఎవరింటి కింద గదిలో వాళ్ళు ఒంటరిగా కూర్చుని ఒకరి చావు ఒకరికి తెలియకుండా పోతారు.

ఆగస్టంతా ఫోన్లు చేశాడు. "బతిమాలింది చాల్లేరా, నడుం ఎవడిస్తాడు నాకు, నువ్విస్తావా?" అన్నాడొకడు. ఇంకొకడు సరుకంతా ఒకేసారి ఇంటర్నెట్‌లో అమ్మేవాడికి ఇచ్చేశానని చెప్పి, చెప్పాక ఫోన్లోనే ఏడ్చాడు. ఇద్దరు వృద్ధాశ్రమాల్లో చేరారు. ఆ ఇద్దరిలో ఒకాయన చక్కగా పలకరించి, పావుగంట కబుర్లు చెప్పి, ఇంతకీ మీరెవరు బాబూ అని అడిగాడు.

లూథర్ బిక్స్‌లర్ ఇంట్లో ఎన్నిసార్లు మోగించినా ఎవరూ ఎత్తలేదు. సంత మొదలైన ఏడు నుంచీ ఒక్కసారి కూడా మానని మనిషి. పాత కాగితాలన్నీ వెతికి ఒహాయోలో ఉండే అతని కూతురి నంబరు పట్టుకున్నాడు మెర్ల్.

"నాన్న ఫిబ్రవరిలో పోయారండి. ఇక్కడే, మా ఇంట్లో. మీ అందరికీ చెబుదామనుకున్నాను గానీ ఆయన నంబర్ల పుస్తకం ఎక్కడ పెట్టారో దొరకలేదు," అందా అమ్మాయి.

ఎదురుగా బీన్స్ తుంచుతున్న అర్లీన్‌కు ఆ మాటలు వినబడ్డాయి. చేతులు ఆగిపోయాయి. లూథర్ తమ ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నాడో లెక్కలేదు. మెర్ల్ ఫోను పెట్టేసి, పెన్సిలు పట్టుకుని లూథర్ పేరు దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. కొట్టేయాలి. కొట్టేస్తే ఒక బల్ల తగ్గుతుంది. రేపు కొడదాంలే అనుకుని లేచిపోయాడు. ఆ రేపు రాలేదు.

సెప్టెంబరు రెండో వారంలో ఫోను దానంతటదే మోగింది. ఎల్వుడ్ గ్రోఫ్. పదకొండేళ్ళ తర్వాత ఆ గొంతు వినడం.

"బల్ల ఒకటి కావాలిరా, ఇస్తావా? లేక నన్ను కూడా వెయిటింగ్ లిస్టులో పడేస్తావా?"

మెర్ల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నీకు రెండిస్తాను," అన్నాడు.

"రెండెందుకు, పడుకోడానికా? సరే గానీ, లూథర్ వస్తున్నాడా?"

ఇదిగో, ఇక్కడ చెప్పాల్సింది. ఒక్క మాట. చెబితే ఎల్వుడ్ రాడని మెర్ల్‌కు వెంటనే తెలిసిపోయింది, ఎందుకు రాడో కూడా తెలిసిపోయింది. ఎల్వుడ్‌తో కలిపితే ముప్పై మూడు.

"వాడి బల్ల ఉందిగా ఎప్పట్లాగే," అన్నాడు మెర్ల్.

అబద్ధం కాదని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. బల్ల ఉందన్నాడు గానీ మనిషి ఉన్నాడనలేదుగా. ఇలాంటి తెలివితేటలు ఇంకో పనికి వాడి ఉంటే బాగుపడేవాడు.

ఎల్వుడ్, లూథర్‌ల సంగతి ఆ హాల్లో తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళ స్నేహం. ఒక ఏడు లూథర్ దగ్గర ఎల్వుడ్ యుద్ధానికి ముందటి బూడిదరంగు ఇంజన్ ఒకటి కొన్నాడు. కార్ఖానాలో వేసిన రంగే, ఎవరూ మళ్ళీ వేయలేదు అని లూథర్ మాట ఇచ్చాడు. ఈ బొమ్మ రైళ్ళ లోకంలో ఆ మాటకున్న విలువ ఇంజన్‌కు కూడా లేదు. ఎల్వుడ్ ఇంటికి తీసుకెళ్ళి ఊదా దీపం కింద పెట్టి చూశాడు. పాత రంగు ఆ దీపం కింద మెరవదు, తర్వాత వేసిందైతే మెరుస్తుంది. అది మెరిసింది. మరుసటి సంతలో ఆ ఇంజన్ తెచ్చి లూథర్ బల్ల మీద పెట్టి, నలుగురూ వినేలా దొంగ అన్నాడు. లూథర్ డబ్బు వెనక్కిస్తానంటే తీసుకోలేదు, సాక్ష్యంగా ఉంచుకుంటానని ఇంజన్ పట్టుకుపోయాడు. మళ్ళీ ఈ హాలు గడప తొక్కలేదు. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళు లూథర్ బల్ల దగ్గర ఎవరూ ఏమీ కొనలేదు. అయినా అతను వచ్చేవాడు. బల్ల వెనక కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చుని, ఉన్నదంతా మళ్ళీ సర్దుకుని వెళ్ళేవాడు.

ఆ శనివారం హాల్లోకి ఇంకా ఎవరూ రాకముందే మెర్ల్, నలభైకి తక్కువైన ఏడు బల్లల మీద ఖాళీ అట్టపెట్టెలు ఎగుడుదిగుడుగా పేర్చి దుప్పట్లు కప్పాడు. వాటి ముందు, రానివాళ్ళ పేర్ల చీటీలు అంటించాడు. ఈ సంతల్లో దుప్పటికో కట్టుబాటుంది. బల్ల మీద దుప్పటి కప్పి ఉందంటే మనిషి వచ్చాడు, ఈ కాసేపు లేడు అని అర్థం. కాఫీకి పోయి ఉండొచ్చు, ఇంకొకరి బల్ల దగ్గర బేరమాడుతూ ఉండొచ్చు. ఆ దుప్పటి అంచు కూడా పరాయి చెయ్యి ఎత్తదు. తాళం అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎత్తినవాడు ఒక్కడు కూడా లేడు. ఆ నమ్మకం మీదే మెర్ల్ ఈ పనికి దిగాడు.

అర్లీన్ టికెట్ల బల్ల సర్దుకుని వచ్చి మూడో వరసలో ఆగిపోయింది. లూథర్ బిక్స్‌లర్ అని చీటీ.

"ఏవయ్యా, నీకేమైనా మతిపోయిందా?"

"మధ్యాహ్నం దాకానే. జోలీన్ లెక్క చూసుకుని వెళ్ళిపోతుంది."

"లూథర్ పేరెందుకు పెట్టావు? ఇంకెవరిదైనా పెట్టుకోలేకపోయావా?"

"ఎల్వుడ్ వస్తున్నాడు. వాడి బల్ల లేకపోతే అడుగుతాడు."

"అడిగితే చెప్పు."

మెర్ల్ దుప్పటి అంచు సవరించాడు. అర్లీన్ టికెట్ల బల్ల వైపు తిరిగింది. "నిన్ను ఇన్నేళ్ళు మొండివాడివనుకున్నాను. అంతవరకే అనుకున్నాను," అని వెళ్ళిపోయింది.

తలుపులు తెరవడానికి పావుగంట ముందు, కిందటి సంత నుంచి ఈ సంత లోపు పోయినవాళ్ళ పేర్లు మెర్ల్ మైకులో చదవడం ఆనవాయితీ. పేరు పేరుకూ రైళ్ళు నడిపి చూసుకునే పరీక్ష పట్టాల మీద ఉన్న ఇంజన్ ఒక కూత వేస్తుంది. అందరూ టోపీలు తీసి నిలబడతారు. ఆ రోజు మెర్ల్ ఐదు పేర్లు చదివాడు. ఐదు కూతలు. ఐదో కూత అయ్యాక కాగితం మడవబోయి, మడత కుదరక అలాగే నలిపి జేబులో కుక్కుకున్నాడు. అది చూసి ఎవరో, పాపం మెర్ల్‌కు అందరూ సొంతవాళ్ళే అన్నారు. అతనికి అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది.

మైకు దగ్గర్నుంచి కదిలేసరికి ఎల్వుడ్ ఎదురొచ్చాడు. ఎనభై ఒక్క ఏళ్ళు. మూడు గంటలు తనే కారు నడుపుకుంటూ వచ్చాడు. మనిషి సగమైపోయాడు గానీ నోరు తగ్గలేదు.

"ఐదే చదివావు. నేను పదైనా ఉంటాయనుకున్నా. గట్టి పిండాలేరా మనవాళ్ళు."

"ప్రయాణం బాగా జరిగిందా?"

"జరక్కేం. పేర్లు చదువుతుంటే మాత్రం ఊపిరి బిగబట్టాను. ఈ వయసులో పంతం పట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో తెలుసు కదా. వాడి పేరు లేదు. బతికిపోయాను." చంకలో ఉన్న పాత చెప్పుల డబ్బా తెరిచి చూపించాడు. లోపల గుడ్డలో చుట్టి ఆ బూడిదరంగు ఇంజన్. "మొన్న ఎండాకాలంలో నా ఎనిమిదో ఏట మా అమ్మ కొనిచ్చిన బోగీని దీపం కింద పెట్టానురా. సరదాకి. అది నా చెయ్యి దాటి ఎక్కడికీ పోలేదు, దానికి ఎవడూ రంగెయ్యలేదు. మరి అది కూడా మెరిసింది. ఎందుకో చెప్పు?"

"ఎందుకు?"

"మా ఆవిడ కుర్చీలు, బల్లలు తుడిచే పాలిష్. అన్నిటినీ దాంతోనే తుడిచేవాణ్ణి నేను. లూథర్ ఇంజన్ని కూడా ఇంటికెళ్ళగానే తళతళలాడేలా తుడిచి, ఆ తర్వాత దీపం కింద పెట్టా. మెరిసింది వాడి రంగు కాదు, నా పాలిష్." ఎల్వుడ్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "నలుగురిలో దొంగన్నాను. నలుగురిలోనే తప్పయిపోయిందని చెప్పాలి. వాడి బల్లెక్కడ?"

అప్పుడైనా చెప్పాల్సింది. జనం ఇంకా లోపలికి రాలేదు. మెర్ల్ నోరు తెరిచాడు. మూడో వరస వైపు చెయ్యి చూపించాడు.

ఎల్వుడ్ తన బల్ల మీద నాలుగు బోగీలు పరిచి, పక్కవాడికి చూస్తుండమని చెప్పి, చెప్పుల డబ్బా తీసుకుని లూథర్ బల్ల ముందు నిలబడ్డాడు. పది నిమిషాలకు కాలు మార్చాడు. ఇంకో పది నిమిషాలకు ఎవరో జాలిపడి మడత కుర్చీ వేశారు. జనం వచ్చారు. జనమంటే ఏదో, పలచగా. మెర్ల్ అటు వెళ్ళకుండా పని కల్పించుకుని హాలంతా తిరిగాడు. ఎటు తిరిగినా ఆ కుర్చీ కనబడుతూనే ఉంది.

పదకొండు గంటలకు జోలీన్ కాగితాల అట్ట పట్టుకుని వచ్చింది. వరసల వెంట మెల్లగా నడుస్తూ ఒక్కో బల్లకూ గీత పెట్టుకుంది. మెర్ల్ పక్కనే నడిచాడు. మూడో వరసలోకి తిరిగేసరికి ఆవిడ ఆగింది.

"కప్పిన బల్లలు ఎక్కువున్నాయే మెర్ల్ గారూ. నేను చూసినవే ఆరు."

"వంటగది దగ్గర సూప్ మొదలెట్టారమ్మా. అందరూ అటు పోయారు."

"నేను అటునుంచే వచ్చాను. ఇద్దరు ఆడవాళ్ళు తప్ప ఎవరూ లేరు." గొంతు తగ్గించింది. "చూడండి, నాకూ ఈ సంత ఉండాలనే ఉంది. కానీ నలభై అంటే నలభై మంది మనుషులన్నారు. దుప్పట్లు లెక్కపెట్టి సంతకం పెడితే రేపు నన్నడుగుతారు."

కుర్చీలో ఉన్న ఎల్వుడ్ వైపు తిరిగి జోలీన్ నవ్వుతూ అడిగింది.

"ఈ బల్ల మీదేనా అండీ?"

"కాదమ్మా, నా స్నేహితుడిది. లూథర్ బిక్స్‌లర్."

"ఆయన వచ్చారా?"

"రాకేం. దుప్పటి చూడ్డం లేదూ? ఇక్కడే ఎక్కడో నక్కుంటాడు." ఎల్వుడ్ కళ్ళు మెరిశాయి. "నేనొచ్చానని తెలిసి బెట్టు చేస్తున్నాడు. చేయనీ. పదకొండేళ్ళు నేను చేశా, వాణ్ణి ఓ పూట చేసుకోనీ. నువ్వు రాసుకో తల్లీ, వాడు వచ్చాడని నేను చెబుతున్నా."

జోలీన్ గీత పెట్టింది. ఆ తర్వాత కనబడ్డ ఒకే ఒక్క దుప్పటిని ఇంకేం అడగలేదు. చివరి వరస అయ్యాక మొత్తం కూడి చూసుకుని, నలభై, అంది. రెండు గంటలకు కాగితం తయారు చేసి తెస్తానని చెప్పి, మెర్ల్ భుజం తట్టి వెళ్ళింది. ముప్పై ఒక్క ఏళ్ళ కష్టం నిలబడింది. సంతోషం కోసం మెర్ల్ లోపలంతా వెతుక్కున్నాడు. దొరకలేదు.

మధ్యాహ్నం అర్లీన్ చికెన్, మొక్కజొన్న సూప్ ఒక గిన్నెలో పోసుకుని ఎల్వుడ్‌కు ఇచ్చి వచ్చింది. వచ్చి, మెర్ల్‌ను స్తంభం చాటుకు లాగింది.

"లూథర్‌తో ఏం చెప్పాలో కాగితం మీద రాసుకొచ్చాడు ఎల్వుడ్. నాకు చదివి వినిపించాడు. బాగుందా అర్లీన్, ఎక్కువైందా అని అడిగాడు. నేనేం చెప్పను?"

"రెండింటి దాకా ఆగు. నీకు దణ్ణం పెడతాను."

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"ఇప్పుడు చెబితే వాడు ఊరుకుంటాడా? హాలంతా తెలుస్తుంది. జోలీన్ ఇంకా సంతకం పెట్టలేదు. అర్లీన్, ఇది పోతే వీళ్ళెక్కడికి పోతారు?"

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. కోపం లేదు, అది ఉన్నా బాగుండేది. టికెట్ల డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టి, కోటు వేసుకుని, కారులో కూర్చోడానికి వెళ్ళిపోయింది.

రెండింటికి జోలీన్ కాగితం తెచ్చింది. వచ్చే అక్టోబరు మూడో శనివారం, బొమ్మ రైళ్ళ సంత, కింద సంతకం. మెర్ల్ దాన్ని కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. మూడింటికి సర్దుకోవడాలు మొదలయ్యాయి. పెట్టెలు మూసే చప్పుడు, టేపు చింపే చప్పుడు. ఎల్వుడ్ మాత్రం కదల్లేదు. చెప్పుల డబ్బా ఒళ్ళో ఉంది. మెర్ల్ వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"వెళ్ళిపోయాడు కదూ?" అన్నాడు ఎల్వుడ్. పొద్దుటి గొంతు కాదది. "వెనక తలుపులోంచి. నిజం చెప్పు, నేనేమీ అనుకోను. నన్ను చూసి ముఖం చాటేశాడు. సరుకు కూడా వదిలేసి పోయాడంటే ఎంత అసహ్యం వేసుండాలి."

ఔనంటే చాలు. ఎల్వుడ్ తల ఊపి వెళ్ళిపోతాడు, కథ అక్కడితో అయిపోతుంది. మెర్ల్ ఆ మాట అనేవాడే. కానీ ఆ ముసలి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంతదాకా దిగజారినా అంతకన్నా కిందకు దిగలేకపోయాడు.

"లూథర్ ఫిబ్రవరిలో పోయాడు, ఎల్వుడ్. ఒహాయోలో, కూతురింట్లో."

పక్క వరసలో ఎవరో నవ్వుతున్నారు.

"పొద్దున పేర్లు చదివావు," అన్నాడు ఎల్వుడ్.

"చదివాను."

"టోపీ తీసి నిలబడి విన్నాను."

"నలభై మంది కావాలన్నారు. లేకపోతే హాలు పోతుంది. నీకు ఫోన్లోనే చెబుదామనుకున్నా..."

"బల్ల ఉందన్నావు."

"వాడు ఏటా అడిగేవాడు నీ గురించి. రాగానే మొదటి మాట అదే. ఎల్వుడ్ బల్ల తీసుకున్నాడా అని."

ఓదార్పు అవుతుందని అన్నాడు ఆ మాట. అని, ఎల్వుడ్ ముఖం చూశాక, నాలుక కోసుకోవాలనిపించింది. ఎల్వుడ్ డబ్బా మూత మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఇది ఇప్పుడు ఎవరికివ్వను?"

"కూతురి అడ్రసు ఇస్తాను. పంపించు."

"ఆ పిల్లకేం రాయను? మీ నాన్న దొంగ కాదని రాయనా? దొంగ అని ఆ పిల్లకి ఎవరు చెప్పారు?" కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. "మైకు ఇంకా ఉందా?"

"ఉంది."

"వెళ్ళి వాడి పేరు చదువు. ముప్పై మంది ఇంకా ఇక్కడే ఉన్నారు. పట్టాల మీద ఇంజన్ కూడా తియ్యలేదు. చదువు, నేను మాట్లాడాల్సింది మాట్లాడి పోతాను. వాడు లేకపోయినా ఆ నలుగురైనా వింటారు."

మెర్ల్ తలుపు వైపు చూశాడు. జోలీన్ అక్కడే నిలబడి, ఊడ్చేవాళ్ళకు ఏదో చెబుతోంది. కోటు లోపలి జేబులో కాగితం ఛాతీకి తగులుతోంది.

"వచ్చే ఏడు చదువుతాను," అన్నాడు. "అందరికంటే ముందు వాడి పేరే. ఒట్టు."

"వచ్చే ఏడు," అన్నాడు ఎల్వుడ్.

తిట్టలేదు. దుప్పటి అంచు పట్టుకున్నాడు. లాగేస్తాడనుకుని మెర్ల్ బిగుసుకుపోయాడు. ఎల్వుడ్ ఆ అంచును ఒకసారి వేళ్ళతో నలిపి, ఎత్తకుండానే వదిలేసి తన బల్ల దగ్గరకు వెళ్ళాడు. నాలుగు బోగీలు సర్దుకోవడానికి ఎంతసేపు. డబ్బా చంకలో పెట్టుకుని, సామాను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తన బల్ల మీది నీలిపూల దుప్పటి తీసుకుని వచ్చాడు. దాన్ని మెర్ల్ చేతుల్లో పెట్టాడు.

"వచ్చే ఏడు నీకు ఎనిమిది కావాలి. ఇది నా బల్ల మీద కప్పు. పేరు రాయడం మర్చిపోకు."

ఆ వంగిన వీపు తలుపు దాటేదాకా మెర్ల్ చూస్తూ నిలబడ్డాడు. వెనక్కి పిలవాలంటే ఏమని పిలవాలో తెలియలేదు. అందరూ వెళ్ళాక ఒక్కడే ఏడు బల్లల దగ్గరకూ తిరిగి ఖాళీ పెట్టెలు మడిచాడు, దుప్పట్లు పోగు చేశాడు, చీటీలు పీకాడు. కారులో అర్లీన్ కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఎల్వుడ్ వెళ్ళేటప్పుడు ఆవిడతో మాట్లాడాడో లేదో అడిగే ధైర్యం రాలేదు.

ఇంటికి వెళ్ళాక వంటింటి బల్ల మీద వచ్చే ఏటి జాబితా మొదలుపెట్టాడు. ఏటా సంత అయిన రోజే మొదలుపెట్టడం అలవాటు. వస్తామని చెప్పి వెళ్ళినవాళ్ళ పేర్లు ముందు రాసుకున్నాడు. ఇరవై ఎనిమిదయ్యాయి. తర్వాత ఎల్వుడ్ గ్రోఫ్ అని రాసి, పక్కన ఒక బల్ల అని వేసి, వస్తున్నాడు అన్న గడిలో టిక్కు పెట్టాడు.